టైడ్ సర్ఫ్ ఉందా అన్నా?

కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు, ఈ బేరం చెవిన పడుతుంది. "సర్ఫ్ ప్యాకెట్ ఇవ్వన్నా." "ఏ సర్ఫమ్మా?" "టైడ్ సర్ఫ్." అడిగినావిడా తడుముకోదు, ఇచ్చినాయనా నవ్వడు. సర్ఫ్ ఒక కంపెనీది, టైడ్ దాని పోటీ కంపెనీదని ఇద్దరికీ తెలుసు. ఆ తెలియడం ఒకవైపు, మాట ఒకవైపు.

ఒక కంపెనీ పేరు నిజంగా మన మాటైపోయిందా లేదా తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. దాని ముందు ఇంకో కంపెనీ పేరు పెట్టి చూడాలి. చెవికి ఎబ్బెట్టుగా లేకపోతే ఆ పేరు కంపెనీ చేయి దాటిపోయినట్టే.

సర్ఫ్ మన దేశంలోకి 1959లో వచ్చింది. అప్పటిదాకా మన ఇళ్ళలో ఎక్కువగా బట్టల సబ్బు బిళ్ళే, నీళ్ళలో వేస్తే నురగొచ్చే పొడికి జనం నోట స్థిరపడిన పేరు లేదు. చాలామందికి వస్తువూ పేరూ ఒకే డబ్బాలో వచ్చాయి. పదేళ్ళకు అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి, సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా లేని ధరకు అమ్మాడు. జనం నిర్మా కొన్నారు, దాన్ని కూడా సర్ఫ్ అనే పిలిచారు. సర్ఫ్ ప్రకటనల్లోని లలితాజీ టీవీలోకి వచ్చి అరకిలో సర్ఫ్, కిలో మామూలు పొడితో సమానమని లెక్క కట్టి చెప్పాల్సి వచ్చింది అందుకే. పాపం, ఆవిడ చెప్పింది కంపెనీ సర్ఫ్ గురించి. వినేవాళ్ళ ఇళ్ళలో అన్నీ సర్ఫులే.

జిరాక్స్ కథ కాస్త వేరు. దీనికి మనకు ముందే మాట ఉంది, నకలు. రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఇప్పటికీ బతికే ఉంది. కానీ పక్కనే నకిలీ కూర్చుని ఉండటంతో నకలుకు కొంచెం అనుమానపు వాసన అంటుకుంది. ఛాయాప్రతి అని పుస్తకాల వాళ్ళు ఒకటి తయారు చేశారు గానీ, షాపుకెళ్ళి "రెండు ఛాయాప్రతులు ఇవ్వండి" అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. "ఆధార్ జిరాక్స్ రెండు తీయించుకుని రా" అంటే పని అయిపోతుంది. లోపలున్న మెషిన్ క్యానన్‌దైనా బోర్డు మీద జిరాక్సే. తండ్రి పోలికలతో పుట్టిన పిల్లాణ్ణి "అచ్చం జిరాక్స్ కాపీ" అంటాం కూడా.

అలాగని చట్టం ఒప్పుకోలేదు. ఇది మామూలు మాటైపోయింది, రిజిస్ట్రేషన్ తీసేయండని అడిగితే 2012లో మన మేధో సంపత్తి అప్పీలు బోర్డు కుదరదంది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 36వ సెక్షన్ చూస్తే, మీరూ నేనూ ఆ మాటను ఎలా వాడుతున్నామన్నది ఒక్కటే లెక్కలోకి రాదు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు దాన్ని వస్తువు పేరుగా వాడటం స్థిరపడిందా అన్నది ముఖ్యం. అమెరికాలో మాత్రం ఎస్కలేటర్ అనే పేరు 1950లో ఓటిస్ కంపెనీ చేజారింది.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముచ్చటైనది ప్రొక్లెయిన్. ఇసుక రీచ్ వార్తైనా, చెరువు పూడికతీత వార్తైనా మన పేపర్లలో ఈ మాట లేకుండా ఉండదు. అసలు పేరు పొక్లెయిన్, తవ్వే యంత్రాలు చేసిన ఫ్రాన్స్ కంపెనీ. ఎల్ అండ్ టీ ఆ యంత్రాలను ఇక్కడ తయారు చేసి అమ్మింది. మధ్యలో ఆ రకారం ఎవరు దూర్చారో గానీ, కంపెనీ వాడికే గుర్తుపట్టడం కష్టమయ్యేలా మారింది. విచిత్రమేమిటంటే, పొక్లెయిన్ ఇప్పుడు తవ్వే యంత్రాలే చేయడం లేదు, హైడ్రాలిక్ మోటార్లు చేసుకుంటోంది. కన్నవాళ్ళు వదిలేసిన పేరును మన ఊళ్ళు పెంచుకుంటున్నాయి.

దీని పక్కనే జేసీబీ ఉంది. 1945లో ఇంగ్లండ్‌లో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలవి. ఊళ్ళో ఈ రెండు మాటలూ పని పంచుకున్నాయి. టైర్ల మీద నడిచి, ముందు తొట్టి, వెనక చెయ్యి ఉంటే జేసీబీ. చైన్ల మీద పాకుతూ చుట్టూ తిరిగేదైతే ప్రొక్లెయిన్, కొన్నిచోట్ల హిటాచీ కంపెనీ పేరు మీద ఇటాచీ. అద్దెకు మాట్లాడేవాడికి ఈ తేడా చాలా ముఖ్యం, గంట రేటు దాన్ని బట్టే ఉంటుంది. జేసీబీ కంపెనీ కూడా చైన్ల యంత్రం అమ్ముతుంది. అది పొలంలోకి దిగితే మాత్రం "ప్రొక్లెయిన్ వచ్చింది" అంటారు. సొంత పేరు ఒంటి మీద రాసుకొచ్చినా లాభం లేదు.

పరీక్షలో తప్పినవీ ఉన్నాయి. అమృతాంజనం మనవాడు పెట్టిందే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు, ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది ఆ పసుపు సీసాల డబ్బే. తలనొప్పి అనగానే మా పెద్దవాళ్ళ నోట అదే వచ్చేది. కానీ "జండూ అమృతాంజనం" అని ఎవరూ అనరు. బామ్ అనే మాట అడ్డంగా ఉంది కదా, దాంతో పని జరిగిపోయింది.

ఇప్పుడు కళ్ళ ముందు జరుగుతున్నది ఫోన్‌పే. యూపీఐ అనే అసలు పేరు 2016 నుంచి ఉంది, కానీ టీ కొట్టు దగ్గర "యూపీఐ చేస్తా" అంటే సర్కారు నోటీసు చదివినట్టుంటుంది. మొన్న నా ముందు నిలబడ్డ కుర్రాడు గూగుల్ పే తెరిచి, పది రూపాయలు పంపి, "ఫోన్‌పే కొట్టానన్నా" అన్నాడు. డబ్బులొచ్చాయని గట్టిగా అరిచింది మాత్రం పక్కనున్న పేటీఎం డబ్బా. కొట్టాయన తలెత్తకుండా గ్లాసు అందించాడు.