నలభై సెకన్లలో బాత్‌రూమ్

మా తమ్ముడు నెల రోజులుగా ఒకే రకం టీవీ కార్యక్రమాలు చూస్తున్నాడు. ఎవరో మొగుడూపెళ్లాలు పాత ఇల్లు కొంటారు, గోడలు పగలగొడతారు, రంగులు వేస్తారు, చివర్లో లాభం ఇంత అని తెర మీద పడుతుంది. చూసి ఊరుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి నా ముందొక కాగితం పెట్టాడు. చెన్నై సాలిగ్రామంలో ఎనభైలనాటి ఫ్లాటు. కొనుగోలు 60 లక్షలు, మరమ్మతులు 8 లక్షలు, ఎనిమిది నెలల తరవాత అమ్మకం 80 లక్షలు. లాభం 12 లక్షలు, దాని కింద రెండు గీతలు.

"ఎంత సులువో చూడక్కా" అన్నాడు. ఆ సులువు గురించే నా గోల.

ఈ తరహాలో పేరు మోసిన ‘ప్రాపర్టీ ల్యాడర్’ బ్రిటన్‌లో 2001లో మొదలైంది. సారా బీనీ అనే ఆవిడ ఇల్లు చూడటానికి వచ్చి, ఈ వీధికి ఇంత ఖరీదైన స్నానాల తొట్టి ఎందుకు, ఆ పడకగది తీసేయవద్దు అని చిలక్కి చెప్పినట్టు చెబుతుంది. ఇల్లు కొన్నవాళ్లు తల ఊపి తమకు తోచిందే చేస్తారు. అయినా చాలామందికి చివరికి లాభమే! చూసేవాళ్లకు అది వాళ్ల అభిరుచి గొప్పతనంలా కనిపించింది. అసలు సంగతి, 2007 వచ్చేసరికి ఆ దేశంలో ఇళ్ల ధరలే దాదాపు రెట్టింపయ్యాయి. తాళం వేసి ఊరుకున్నా డబ్బు వచ్చేది. తరవాత ధరలు పడ్డాయి. నిచ్చెన అని పేరు పెట్టుకున్న ఆ కార్యక్రమం 2009లో పాములను కూడా పేరులో చేర్చుకుంది. మనవాళ్లయితే వైకుంఠపాళిలో మొదటి నుంచీ రెండూ వేశారు.

బీబీసీలో 2003 నుంచి వస్తున్న ‘హోమ్స్ అండర్ ద హామర్’లో అయితే, చివర చెప్పే లాభం చాలాసార్లు ఏజెంటు వచ్చి వేసిన అంచనా మాత్రమే. ఇల్లు అమ్ముడుపోయి ఉండదు. సాయంత్రాలన్నీ కూర్చుని గోడలు గీకినవాళ్ల కూలి ఏ పద్దులోనూ కనిపించదు.

తమ్ముడి కాగితం వెనక్కి తిప్పి నా లెక్క రాశాను. తమిళనాడులో స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. అరవై లక్షలకు 5 లక్షల 40 వేలు గుమ్మంలో అడుగు పెట్టకముందే పోయాయి. 45 లక్షల అప్పుకు ఎనిమిది నెలల వడ్డీ రెండున్నర లక్షల పైమాట. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకరుకు ఒక్కో శాతం. కొన్న 24 నెలల లోపల అమ్మితే వచ్చిన లాభాన్ని జీతానికి కలిపి పన్ను వేస్తారు, వాడేమో 30 శాతం శ్లాబులో ఉన్నాడు. పన్నెండు లక్షలు చివరికి రెండు లక్షల లోపే తేలాయి. అదీ అన్నీ సవ్యంగా జరిగితే.

వాడికి తెలిసిన శ్లాబు ఆదాయపు పన్నుది. నాకు తెలిసిన శ్లాబు బాత్‌రూముది. మూడేళ్ల కిందట వెస్ట్ మాంబళంలో మా కింద ఫ్లాటు మామి గారి వంటింట్లో సీలింగు పెచ్చులూడి పడింది. "పది రోజుల పనమ్మా" అన్నాడు మేస్త్రి. మా బాత్‌రూము టైల్స్ తీస్తే అడుగున నింపిన ఇటుక ముక్కలు ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉన్నాయి. ఆ కింద శ్లాబులోని ఇనప ఊచలు తుప్పు పట్టాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. సముద్రపు గాలి దానికి తోడు. ఊచలు గీకించి, మందు పూయించి, మళ్లీ సిమెంటు పట్టించి, రోజూ నీళ్లు చల్లి తడి ఆరకుండా చూసి, లీకు ఆపే పూత వేయించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టాము. తెల్లవారగానే కిందికి వెళ్లి మామి సీలింగు వంక చూడటమే నా పని. రెండో రోజు పైపు అతుకు దగ్గర అరచేయంత తడి. మళ్లీ మొదటికి. పది రోజులు పది వారాలయ్యాయి. ఆ పది వారాలూ నేను ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

టీవీలో ఇదంతా ఒక సుత్తి దెబ్బ, కొంచెం సంగీతం, నలభై సెకన్లు. కింద ఇంటి మామి అసలు ఉండదు.

వాడి కాగితంలో వంటింటి గోడ కొట్టేసి హాల్లో కలపడం కూడా ఉంది. ఆనాటి మూడంతస్తుల భవనాల్లో చాలావాటికి ఇటుక గోడలే బరువు మోస్తాయి. పైన ఎవరు పడుకుంటున్నారో వాడు అడిగాడా?

అన్నిటికంటే నాకు నవ్వొచ్చింది కొనేవాడి గురించి వాడికున్న ఊహకు. చెన్నైలో పాత ఫ్లాటు చూడటానికి వచ్చినవాడు కొత్త వంటిల్లు చూసి మురిసిపోడు, యూడీఎస్ ఎంత అని అడుగుతాడు. అంటే భూమిలో ఆ ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా. నలభై ఏళ్ల భవనానికి ధర పలికేది ఎక్కువగా ఆ చదరపుటడుగులకే. రేపో మాపో బిల్డరు వచ్చి మొత్తం పడగొట్టి కొత్తది కడతాడన్న ఆశ మీద కొంటారు. కూల్చేవాడి సుత్తికి ఇటాలియన్ మార్బుల్ అయినా పాత మొజాయిక్ అయినా ఒకటే.

తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీకు ప్రతిదానిలోనూ చెమ్మే కనిపిస్తుందక్కా" అన్నాడు. కాదనలేను. నిన్న వానలో మామి గారింటికి పెరుగు తోడు కోసం వెళ్లి, మాట్లాడుతూనే తలెత్తి చూశాను. "పొడిగానే ఉంది, కూర్చో" అని ఆవిడ కుర్చీ లాగింది.