ఓడ జాబితా చేతికొచ్చాకే ఊరి ప్రయాణం

1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లారు. వాళ్లలో మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల ముని మనవలు ఇప్పుడు జట్టుగా కలిసి ముత్తాతల ఊళ్లు, సమాధులు చూడాలని వస్తుంటారు. ఎంతో ఆశతో వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లడానికి పెద్ద కారణం ఒకటే. బస్సు ముందు మాట్లాడుకుని, కాగితం తర్వాత వెతుకుతారు.

ఆ కాగితమే ఓడ జాబితా, అంటే ఓడెక్కిన కూలీల వివరాల పట్టిక. అందులో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ఇంటిపేరు మాత్రం ఉండదు. చిక్కంతా అక్కడే. పైగా జిల్లాలు మారిపోయాయి. 'గంజాం జిల్లా, చికాకోల్' అని చూసి ఒడిశా వెళితే దారి తప్పినట్టే. అది శ్రీకాకుళం, 1936 దాకా గంజాంలో ఉండేది. 'నార్త్ ఆర్కాట్, చిత్తూరు' అన్నా తమిళనాడులో వెతకక్కర్లేదు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో, అప్పటిదాకా చిత్తూరు నార్త్ ఆర్కాట్‌లోనే ఉండేది. ఇక కొత్తవలస లాంటి పేరైతే ఉత్తరాంధ్రలో ఒకటి కాదు, ఎన్నో ఊళ్లున్నాయి. తాలూకా తెలియకుండా బయల్దేరకూడదు.

ఊరి పేరు చెరిగిపోతే మనిషి పేరే ఆధారం. అప్పలసామి అంటే సింహాచలం చుట్టుపక్కల, పైడయ్య అంటే విజయనగరం వైపు, పెంచలయ్య అంటే నెల్లూరు సీమ. రుజువు కాకపోయినా మంచి జాడ. వెంకటస్వామి అయితే ఎక్కడివాడైనా కావచ్చు.

తహసీల్దారు కార్యాలయంలో ముత్తాత పేరు దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఉత్తరాంధ్రలో ఎక్కువ ఊళ్లు జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా రైతుల లెక్కలు జమీందారు కచేరీల్లోనే ఉండేవి. భూమి లేని కూలీ పేరు ఏ లెక్కలోనూ ఎక్కలేదు. ఓడెక్కినవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ.

సమాధుల విషయం జట్టుకు ముందే చెప్పాలి. దహనం చేసినవాళ్లకు గుర్తే మిగలదు. పూడ్చే కులాల్లోనూ వల్లకాట్లో మట్టిదిబ్బే తప్ప పేరు చెక్కిన రాయి అరుదు. క్రైస్తవ కుటుంబాలకు కొంత ఆశ ఉంది. నెల్లూరు బాప్టిస్టు మిషన్ నుంచి జాన్ రంగయ్య 1903లో నటాల్ వెళ్లారు. అలాంటి కుటుంబాలు ముందు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు అడగాలి, ఆ తర్వాతే సమాధుల దొడ్డి. మిగతావాళ్లకు శ్మశానం కంటే గ్రామదేవత గుడి మేలు. అమ్మవారి పేరు, జాతర నెల ఇంట్లో చెప్పుకునే మాటతో కలిస్తే అది గట్టి ఆధారం.

ఊళ్లోకి ఇరవై మంది ఒకేసారి దిగకూడదు. 'వాటా కోసం వచ్చారు' అన్న భయం వెంటనే పుడుతుంది, ఆపై ఎవరూ నోరు విప్పరు. వారం ముందే సర్పంచికి కబురు పెట్టి, భూమి కోసం కాదని మొదటి మాటగా చెప్పించాలి. రచ్చబండ దగ్గరికి ఇద్దరు ముగ్గురే వెళ్లి, పేరు, తండ్రి పేరు, ఓడెక్కిన ఏడాది పెద్దక్షరాల తెలుగులో రాసిన కాగితం చూపాలి. రోజుకు ఒక్క ఊరు చాలు. డబ్బు పంచితే మాత్రం సాయంత్రానికి పది మంది కొత్త చుట్టాలు పుట్టుకొస్తారు, అసలు చుట్టం వెనక్కి తగ్గుతాడు.

తిరిగొచ్చేటప్పుడు గుప్పెడు మట్టి మూటగట్టుకోవాలని అందరికీ ఉంటుంది. అనుమతి లేని మట్టిని విమానాశ్రయంలో తీసేసుకుంటారు. దానికంటే ముత్తాత కులంలో ఊరి ముసలివాళ్లు చెప్పే ఇంటిపేర్లన్నీ రాసుకోవాలి. జాబితాలో లేనిది అదే.