మహారాజశ్రీ స్పామ్ గారికి ఒక విన్నపం

అడగకుండానే వచ్చిపడే ప్రకటనలకూ సందేశాలకూ ప్రభువులైన మహారాజశ్రీ స్పామ్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరి క్షేమసమాచారం నేను అడగవలసిన అవసరమే లేకుండా, ఈ ఉదయం నేను పళ్లు తోముకుంటుండగా ఒకసారి, ఇడ్లీ మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఒకసారి, ఆఫీసు లిఫ్టులో సిగ్నలు పోయేలోగా మరొకసారి తమరే కబురు పంపి, మునుపటికన్నా పుష్టిగానే ఉన్నామని తెలియజేశారు. సంతోషం.

నన్ను నేను పరిచయం చేసుకోవడం లాంఛనమే గాని, చేసుకుంటాను. మా బంధువుల్లో ఎవరు ఫోను కొనాలన్నా, ఎవరి టీవీకి వైఫై అందకపోయినా ముందు నన్నే పిలుస్తారు. కొత్త ఆట వస్తే మొదటి వారంలోనే ఆడి, కొత్త సినిమా వస్తే మొదటి ఆదివారంలోపే చూసి, అడిగినవారికీ అడగనివారికీ అభిప్రాయం చెప్పడం నా బలహీనత. అడగనివారికి చెప్పే విషయంలో తమరికీ నాకూ ఏదో చుట్టరికం ఉన్నదని మా ఆవిడ అంటుంది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

తమరి వంశచరిత్ర నాకు కొంత తెలుసు. 1937లో అమెరికాలో హోర్మెల్ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మిన పంది మాంసం పేరును, 1970లో బీబీసీలో మాంటీ పైథాన్ బృందం వేసిన ఒక హాస్య ఘట్టంలో, హోటలుకు వచ్చినవారు ఏమి అడిగినా ఆ డబ్బా మాంసమే చేర్చి, పక్కనున్నవారు మాట్లాడే వీలు లేకుండా ఆ మాటనే పాటగా పాడిన పుణ్యాన, తరువాతి కాలంలో తమరికి తగిలించారు. ఆ పేరు అతుక్కోకముందే, 1978 మే 3న, డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థ్యూర్క్ గారు తమ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని, ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపడంతో తమరి జననం జరిగిపోయింది. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు, గ్రీన్ కార్డు లాటరీ దరఖాస్తులో సాయం చేస్తామంటూ యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికల్లో కనబడిన ప్రతి గోడకూ ఒకే ప్రకటన అంటించినప్పుడు తమరు యుక్తవయసుకు వచ్చారు. ఆ లాటరీలో భారతదేశంలో పుట్టినవారికి అప్పుడూ అర్హత లేదు, ఇప్పుడూ లేదు. తెలుగువాడికి దక్కనిదాన్ని తెలుగువాడి కళ్ల ముందు ఆడించే సంప్రదాయాన్ని తమరు అంత చిన్న వయసులోనే మొదలుపెట్టారన్నమాట.

అంతమాత్రాన తమరు పరదేశి అంటే నేను ఒప్పుకోను. మా చిన్నతనంలో తమరి పూర్వులు పదిహేను పైసల కార్డు మీద మా గడపకు వచ్చేవారు. ఏడుకొండలవాడి గుడిలో పాము కనిపించి మనిషి గొంతుతో మాట్లాడిందనీ, ఈ సంగతి పదకొండు మందికి రాసినవాడికి లంకెబిందెలు దొరికాయనీ, కార్డు చింపినవాడు రక్తం కక్కుకున్నాడనీ అందులో ఉండేది. మా అమ్మ నమ్మీ నమ్మనట్టు మొహం పెట్టి, ఎందుకైనా మంచిదని నాచేత పదకొండు కార్డులు రాయించింది. ఖర్చు రూపాయి అరవై అయిదు పైసలు. లంకెబిందెలు రాలేదు గాని నా దస్తూరీ మాత్రం కుదిరింది. ఇక్కడ తమరు గమనించవలసింది ఒకటుంది. ఆ రోజుల్లో పదకొండు మందిని విసిగించదలచినవాడు పదకొండు కార్డులు కొనాలి, పదకొండు సార్లు చెయ్యి నొప్పి పుట్టేలా రాయాలి, ఎండలో తపాలా డబ్బా దాకా నడవాలి. ఇప్పుడు పదకొండు లక్షల మందిని విసిగించడానికి తమరికి అయ్యే శ్రమ ఒక వేలి కొసకు మించదు. మిగిలిన శ్రమంతా మాది.

ఈ కిటుకు కనిపెట్టినవారు లేకపోలేదు. ఉత్తరం పంపే కంప్యూటరు ముందుగా ఒక చిక్కు లెక్క చేసి చూపించాలనీ, ఒక్క ఉత్తరమైతే క్షణంలో తేలిపోయే ఆ లెక్క లక్షల ఉత్తరాలు పంపేవాడికి నడుము విరిచే భారమవుతుందనీ 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో అదే దారిలో నడిచారు. తమరిని కట్టడి చేయడానికి పుట్టిన ఆ ఉపాయం తమరి జోలికి పెద్దగా రాకుండా, ఎక్కడెక్కడో తిరిగి బిట్‌కాయిన్ అనే కంప్యూటరు డబ్బు తవ్వకానికి పునాదిరాయి అయింది. ఇప్పుడు ఆ బిట్‌కాయిన్‌లో డబ్బు పెడితే నెలలో మూడింతలవుతుందని తమరే నాకు వారానికి రెండుసార్లు రాస్తున్నారు. దొంగను పట్టడానికి పెంచిన కుక్క పిల్లల్ని దొంగే అమ్ముకోవడం నేను ఇదివరకు వినలేదు.

ఇంతకూ నా అసలు ఫిర్యాదు తమరు వస్తున్నారని కాదు. రాకుండా ఉంటారని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇంకో రెండేళ్లలో తమరి పని అయిపోతుందని 2004లో దావోస్‌లో బిల్ గేట్స్ గారు జోస్యం చెప్పారు గాని, ఆయన జ్యోతిష్కుడు కారు. నా ఫిర్యాదు ఏమిటంటే, మునుపు గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి పిలిచే తమరు, ఇప్పుడు నేను డబ్బు పోసి కొనుక్కున్న ప్రతి వస్తువులోనూ పడక వేసుకుని, అద్దె కూడా నాచేతే కట్టించుకుంటున్నారు.

ఆటల సంగతే చూడండి. నోకియా ఫోనులో పాము ఆట ఆడిన తరం మాది. ఆ పాము తన తోక తాను కరిచి చచ్చేదే గాని, చచ్చేముందు ముప్పై సెకన్ల ప్రకటన చూస్తే మరో ప్రాణం ఇస్తానని బేరం పెట్టలేదు. ఇప్పుడు నా ఫోనులో ఉచితంగా దొరికిన ఒక క్రికెట్ ఆటలో ఓవరుకొక ప్రకటన వస్తుంది. (టీవీలో అసలు క్రికెట్టూ అంతే గనుక ఇది వాస్తవికతేనని మా అబ్బాయి వాదన.) ఆ ప్రకటనలో ఒక రాజుగారు గోతిలో ఉంటారు, పైన సలసల కాగే లావా ఉంటుంది, మధ్యలో రెండు చీలలు ఉంటాయి. ఎవడో అదృశ్య హస్తుడు సరిగ్గా తప్పు చీలే లాగి రాజుగారిని మాడ్చేస్తాడు. ఐదో తరగతి పిల్లవాడికి తెలిసిన జవాబు వాడికి తెలియలేదే అన్న ఉక్రోషంతో ఆ ఆట దించుకుంటే, లోపల రాజూ లేడు, లావా లేదు. మూడేసి రంగురంగుల గోళీలు వరుసగా పేర్చాలి, అంతే. 2020లో బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ ఇటువంటి రెండు ప్రకటనలు జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నాయని తేల్చి ఆపించింది. అక్కడ కాలక మిగిలిన రాజులందరూ నా ఫోనుకే వలస వచ్చినట్టున్నారు. ఆ ప్రకటన మూసే గుర్తు నువ్వుగింజంత ఉంటుంది, అదీ పది సెకన్లు గడిచాక, తెల్లని నేల మీద తెల్లని రంగులో. దాన్ని గురి చూసి నొక్కినా యాప్‌ల దుకాణమే తెరుచుకుంటుంది. నేను ఆడిన ఆటలన్నిటిలోకీ కష్టమైన ఘట్టం అదే.

పేకాట సందేశాల ముచ్చట చెప్పకపోతే తమరు నొచ్చుకుంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది. ఈ మధ్యకాలంలో నా రమ్మీ ఖాతాలో బోనసు జమ అయిందని, ఈ రాత్రిలోగా వాడుకోకపోతే పోతుందని తమరు ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టలేదు. నాకు ఆ ఖాతా లేదు. రమ్మీ రాదు. పెళ్లిళ్లలో విడిదింట్లో పేకాడేవారికి టీ కప్పులు అందించడం తప్ప ఆ రంగంలో నాకు అనుభవం లేదు.

ఫోను సంగతికి వస్తాను. 2003లో వచ్చిన నోకియా 1100 ఇప్పటికీ మా ఇంట్లో సొరుగులో ఉంది. దానికి తెలిసిన విద్యలు మూడు: మాట్లాడించడం, దీపం వేయడం, సందేశాల పెట్టె నిండితే తెర మీద కవరు బొమ్మ టపటపా కొట్టుకోవడం. ఆ కవరు కొట్టుకున్నప్పుడు తమరి సందేశాలు ఒక్కొక్కటే చెరిపేసి, పెళ్లి కుదిరిన కొత్తలో మా ఆవిడ రాసినదానికి చోటు చేసేవాడిని. ఆ ఫోను తనకు ఎన్ని నక్షత్రాలు ఇస్తావని నన్ను ఏనాడూ అడగలేదు. మొన్న ధర తక్కువని నేను సిఫారసు చేసి మా బావమరిదిచేత కొనిపించిన ఫోను, తాళం తీయకముందే తెర మీద చెప్పుల ప్రకటన చూపిస్తుంది. ఫైళ్లు చూసుకునే యాప్ చెత్త ఊడ్చుకోమని గంటగంటకూ గుర్తుచేసి, ఊడ్చాక మరో ప్రకటన చూపిస్తుంది. చీపురే చెత్త పోయడం అంటే ఇదే. బావమరిది అప్పటినుంచి నన్ను 'బావగారూ' అని పిలవడంలో ఏదో తేడా వచ్చింది.

సినిమాల మీద తమరి కబ్జా గురించి క్లుప్తంగానే చెబుతాను, అది తలచుకుంటే నాకు ఆవేశం వస్తుంది. ఒక సినిమా టీజరు ఫలానా తేదీన వస్తుందని చెప్పే పోస్టరు ఫలానా సమయానికి వస్తుందని ముందు ఒక ప్రకటన వస్తుంది. ప్రకటన గురించిన ప్రకటనకు కూడా నా ఫోను గణగణలాడుతుంది. ఏడాది చందా ముందే కట్టిన ఓటీటీవారు సినిమా నడిమధ్యలో సబ్బు ప్రకటన వేసి, అది వద్దంటే ఇంకొంచెం కట్టమంటున్నారు. హాలుకు పోతే ప్రకటనలు వేస్తూ 4:05 ఆటను 4:30కి మొదలుపెట్టారని బెంగళూరులో ఒకాయన వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి 2025 ఫిబ్రవరిలో గెలిచారు. ఆ తీర్పు మీద హైకోర్టు స్టే వచ్చింది. పాపం, ఆయన విజయానికి కూడా విశ్రాంతి అన్న కార్డు పడింది.

ఇక తమరిని అడ్డుకునే నా ప్రయత్నాలలో జరిగిన ఒక పొరపాటు ఒప్పుకోవాలి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

సంక్రాంతికి తణుకు వెళ్లినప్పుడు మా అమ్మ వరండాలో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పక్కన స్పీకరులో పెట్టిన ఫోనుతో మాట్లాడుతోంది. అవతల ఒక బ్యాంకు తరఫున అప్పు ఇస్తామని పిలిచిన అమ్మాయి.

"లోనెందుకమ్మా నాకు, వచ్చేది పింఛను, తినేది చారెడు. నీ భోజనం అయిందా?"

"ఇంకా లేదు మేడమ్. ఐదు లక్షల దాకా మీకు ప్రీ-అప్రూవ్డ్ ఉంది."

"మూడవుతోంది, ఇంకా తినకపోతే ఎలాగమ్మా? ఏ ఊరు మీది?"

"పెనుగొండ అండి."

"పెనుగొండా! మా పెద్దాడపడుచుని ఇచ్చింది అక్కడే! ఎవరి తాలూకు మీరు?"

'మేడమ్' కాస్తా 'పిన్నిగారూ' అయ్యేసరికి చేటలో కాయలు అయిపోయాయి. ఫోను చూపించిన లెక్క ప్రకారం మాట్లాడింది 11 నిమిషాలు. అందులో అప్పు ప్రస్తావన ఆ ఒక్కసారే వచ్చింది. సాంకేతిక పరిజ్ఞానం ఉన్న కొడుకుగా నేను ఊరుకోగలనా? ఫోను తీసుకుని, ప్రకటనల పిలుపులు వద్దని చెప్పుకునే 1909 నంబరు ద్వారా ఏ రకం ప్రకటనా అక్కరలేదని నమోదు చేయించి, 2007లో దేశంలో మొదలైన ఈ సౌకర్యం గురించి అమ్మకు ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చి హైదరాబాదు వచ్చేశాను.

అది పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. అలా వద్దన్నవారి జాబితా చూసి ఆగేవారు నమోదు చేసుకుని, 140తో మొదలయ్యే నంబర్ల నుంచి పద్ధతిగా పిలిచేవారు మాత్రమే. పద్ధతి లేనివారికి జాబితాతో పనేమిటి? మూడు వారాల్లో మా అమ్మకు మామూలు పదంకెల నంబరు నుంచి, బిల్లు కట్టనందున ఈ రాత్రి 9:30కి కరెంటు తీసేస్తామని ఒక సందేశం వచ్చింది. ముక్కూమొహం తెలియనివారి నుంచి పెళ్లి శుభలేఖ పేరుతో, ఫోనులో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు ఒకటి వచ్చింది. తెరిస్తే ఫోను వాళ్ల చేతికి పోయేది. తెరవకపోవడానికి కారణం నా ఉపన్యాసం కాదు, శుభలేఖ అన్నాక ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవాలి గాని ఫోనులో పంపడమేమిటని మా అమ్మకు కోపం రావడం. తమరిని ఏరేసే వడపోత యంత్రాల్లో కొన్ని 1763లో అచ్చయిన బేయస్ అనే మతాచార్యుడి సంభావ్యతా సూత్రం మీద నడుస్తాయని నేను నలుగురికీ చెప్పి తిరుగుతుంటాను. ఈవిడ సూత్రం అంతకన్నా పాతది, తప్పులు తక్కువ.

మొన్న ఆదివారం ఫోనులో అడిగింది: "ఏరా, ఆ పెనుగొండ అమ్మాయి ఫోను చెయ్యడం మానేసిందేం? సంబంధం చూస్తానని మాటిచ్చాను."

ఇక్కడ నేను తమరి ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. రాజుగారి లావా, రమ్మీ బోనసు, చెప్పుల ప్రకటన అన్నీ తమరు నిరాటంకంగా కొనసాగించుకోవచ్చు, నేను ఆపగలిగిందీ లేదు. ఆ అమ్మాయి ఇంకా తమరి కొలువులోనే ఉన్నట్లయితే, సాయంత్రం నాలుగు దాటాక, సీరియల్ మొదలయ్యేలోగా, మా అమ్మకు ఒక్కసారి ఫోను చేయించవలసిందిగా ప్రార్థన. అబ్బాయిది అత్తిలి, ఒక్కడే కొడుకు. జాతకం అమ్మ దగ్గర సిద్ధంగా ఉంది.

ఇట్లు,
తమరి జాబితాలో శాశ్వత సభ్యుడు