కనుపాపలో పాప, చెవిలో నత్త

మంచి వెలుతురులో ఎదుటి మనిషి కంట్లోకి దగ్గరగా చూడండి. నల్లటి గుండ్రంలో మన బొమ్మే చిట్టిగా కనిపిస్తుంది. దాన్ని చూసే రోమన్లు ఆ భాగాన్ని ‘ప్యుపిల్లా’ అన్నారు. లాటిన్‌లో చిన్న పిల్ల, బొమ్మ అని అర్థం. ఇంగ్లీషు ‘ప్యూపిల్’ దాని నుంచే వచ్చింది. గ్రీకులు ‘కోరే’ అన్నారు, అంటే అమ్మాయి. మనం కనుపాప అంటున్నాం. మూడు భాషల్లోనూ కంట్లో కూర్చున్నది ఓ పిల్లే!

డాక్టర్ల నోట వినబడే మాటలు చాలావరకు ఇలాంటి బొమ్మలే. ‘మజిల్’ అంటే లాటిన్‌లో చిట్టెలుక. చెయ్యి మడిచి కండ బిగించి చూడండి, చర్మం కింద ఎలుక కదిలినట్టే ఉంటుంది. మెడకింది ఎముక ‘క్లావికిల్’ చిన్న తాళంచెవి. కాలి ఎముక ‘టిబియా’ పిల్లనగ్రోవి. వెన్నెముక చివర ఉండే ‘కాక్సిక్స్’కు ఆ పేరు కోకిల ముక్కును చూసి పెట్టింది.

ఇంగ్లీషువాళ్లకు ఈ మాటలు అరువు సొమ్ము. హార్ట్, టూత్, నీ (మోకాలు), ఫుట్ మాత్రం వాళ్ల సొంతం. సంస్కృతంలోని హృద్, దంత, జాను, పాదాలకు అవి దూరపు చుట్టాలు కూడా. ఇంట్లో టూత్ అనేవాళ్లే ఆస్పత్రికెళ్తే డెంటల్ అంటారు. మనకూ అంతే, ఇంట్లో పన్ను, పుస్తకంలో దంతం. చిక్కంతా ఇక్కడే ఉంది. సైన్సు కష్టం కాబట్టి ఆ మాటలు కష్టం అనుకుంటాం. నిజానికి పేరు పెట్టినవాళ్లకు అవి వంటింట్లో, పెరట్లో రోజూ కనిపించే వస్తువులు.

తెలుగు మీడియంలో నేను చెవి లోపలి ఓ భాగం పేరు ‘కర్ణావర్తం’ అని బట్టీపట్టాను. పరీక్ష రాశాను, మర్చిపోయాను. ఇంగ్లీషులో దాన్ని ‘కోక్లియా’ అంటారనీ, ఆ మాటకు నత్త అని అర్థమనీ చాలా ఏళ్లకు తెలిసింది. బొమ్మ చూస్తే నిజంగానే నత్తగుల్ల చుట్టలు చుట్టుకున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క ముక్క క్లాసులో చెప్పి ఉంటే టెన్షన్ లేకుండా జన్మంతా గుర్తుండేది.

పేర్లు పెట్టడం మనవాళ్లకు రాక కాదు. మోకాలిచిప్ప అన్నది ఏ పండితుడూ కూర్చుని తయారుచేసిన మాట కాదు. రోమన్లూ ఆ ఎముకలో చిన్న పళ్లాన్నే చూసి ‘పటెల్లా’ అన్నారు. మోకాలికి చిప్ప పుస్తకంలో చెల్లినప్పుడు, చెవికి నత్త ఎందుకు చెల్లదు?