ఐస్‌క్రీం ఎవరిదో, బిల్లు నాది

కరెంటు బిల్లు చూసిన దగ్గర్నుంచీ ఒళ్లు మండిపోతోంది. నాది చిన్న జిరాక్స్ షాపు. రెండు మెషీన్లు, ఓ ఫ్యాను, ఓ ట్యూబ్‌లైటు. నాకంటే ముందు ఆ గదిలో ఐస్‌క్రీం పార్లర్ ఉండేది. రాత్రీ పగలూ ఫ్రీజర్లు తిరిగేవి. ఆయన ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. 2023లో ఆయన ఫ్రీజర్లు కాల్చిన కరెంటుకి ట్రూ అప్ ఇప్పుడు నా బిల్లులో వేశారు! కరెంటాఫీసుకెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి "సర్వీసు నంబరు అదేగా, మనిషితో మాకేం పనండీ" అన్నాడు కుర్చీలోంచి కదలకుండా. ఓనరు బాబాయ్‌గారి దగ్గరికెళ్తే "కరెంటు నీదేనని అగ్రిమెంటులో రాసుకున్నాంగా అబ్బాయ్" అంటాడు. ఆయన రాసింది కరెంటు గురించి. వేరేవాళ్ల వెనిల్లా గురించి కాదు.

ట్రూ అప్ అంటే ఏంటో తెలీని అదృష్టవంతులకి చెప్తున్నా. మనకి కరెంటు పంచే కంపెనీలు, అదే డిస్కంలు, కరెంటుని అనుకున్నదానికంటే ఎక్కువ రేటుకి కొంటాయి. ఆ తేడా కొన్నేళ్లయ్యాక మన నెత్తిన రుద్దుతారు. మన ఏపీలో 2022-23కి ఆరు వేల కోట్ల పైచిలుకు, 2023-24కి తొమ్మిది వేల కోట్ల పైచిలుకు. ఇవి కాక యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా ఆటోమేటిక్‌గా పడిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. నేను కూడా జిరాక్స్ రెండు రూపాయలని బోర్డు పెట్టి, మూడేళ్లయ్యాక కస్టమర్ ఇంటికెళ్లి "అప్పట్లో పేపరు రేటు పెరిగిందండీ, ఇంకో ముప్పావలా ఇవ్వండి" అనొచ్చన్నమాట. ఇల్లు మారిపోయి ఉంటే ఆ ఇంట్లో కొత్తగా దిగినాయన్ని అడుగుతా.

అన్నట్టు 2025 నవంబరు నుంచి ట్రూ డౌన్ అని, అంటే ట్రూ అప్‌కి రివర్సు, యూనిట్‌కి 13 పైసలు తగ్గించారు కదా. ఎంత దయో! షాపు మీటరుకి 2022లో కరెంటు సుంకం యూనిట్‌కి ఆరు పైసల నుంచి ఏకంగా రూపాయి చేశారు, అది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అడుగుదామంటే ఎవర్నడగాలి? డిస్కంలు మూడూ ప్రభుత్వానివే. రేట్లు తేల్చే కమిషన్‌లో సభ్యుల్ని వేసేదీ ప్రభుత్వమే. సబ్సిడీ ఇస్తానని ప్రకటించేదీ, ఆ డబ్బు టైముకి ఇవ్వకుండా నానబెట్టేదీ ప్రభుత్వమే. బిల్లులు కట్టకుండా ఏళ్లకేళ్లు పేరబెట్టేవి సర్కారీ ఆఫీసులూ పంచాయతీలూ. వాళ్ల ఫ్యూజు పీకడానికి ఎవరూ రారు. నేను కాస్త ఆలస్యం చేస్తే లైన్‌మన్ పొద్దున్నే నిచ్చెనతో దిగుతాడు. ఆ స్వతంత్ర కమిషన్ ఆఫీసు కర్నూల్లో ఉంది. వెళ్లి మొరపెట్టుకోండి, షాపు మూసుకుని.

పార్టీల సంగతి సరే సరి. 2024 డిసెంబరులో వైసీపీ వాళ్లు కరెంటు చార్జీల మీద రోడ్డెక్కారు. ఆ ట్రూ అప్ ఏ ఏళ్లది? వాళ్లు ఏలిన ఏళ్లదే! చార్జీలు పెంచబోమని ఓట్లడిగిన కూటమి వాళ్లేమో "అది వాళ్ల పాపం" అంటూనే పైసా వదలకుండా వసూలు చేస్తున్నారు. పాపం వాళ్లది, వసూలు వీళ్లది, కట్టేది నేను.

ఇక "డిస్కంలని ప్రైవేటుకిచ్చేస్తే దారికొస్తుంది" అనే మేధావులు మొదలుపెడతారు. మా బావగారు బెంగళూరు నుంచి ఫోన్ చేసి మరీ చెప్తారు. బావగారూ, ఒడిశా 1999లోనే ఇచ్చింది. అమెరికా నుంచి వచ్చిన ఏఈఎస్ అనే కంపెనీ 2001లో చేతులెత్తేసి పోయింది. అక్కడే రిలయన్స్ చేతిలో ఉన్న మూడు డిస్కంల లైసెన్సులు 2015లో రద్దు చేశారు. ఢిల్లీ 2002లో ఇచ్చింది, అక్కడ వినియోగదారుల నుంచి ఇంకా రాబట్టాల్సిన బాకీ 27 వేల కోట్లు దాటింది. పేరు ట్రూ అప్ కాదు, రెగ్యులేటరీ అసెట్. మనం ఇవ్వాల్సిన బాకీ వాళ్లకి ఆస్తి! సుప్రీంకోర్టు కూడా 2025లో చివాట్లు పెట్టి వసూలుకి గడువు పెట్టింది. ఎవరి దగ్గర్నుంచి వసూలో మళ్లీ చెప్పాలా?

1999లో మన కరెంటు బోర్డుని ముక్కలు చేసినప్పుడు కూడా ఇవే కబుర్లు. కంపెనీలైతే క్రమశిక్షణ వస్తుంది, కమిషనొస్తే రాజకీయం పోతుంది. మరుసటేడు ఆగస్టు 28న చార్జీలు తగ్గించమని అడిగినందుకు బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి, ముగ్గురు చనిపోయారు. ఇప్పుడంత శ్రమ ఎందుకు? బిల్లులో ఒక లైను ఎక్కువ ప్రింటు చేస్తే సరిపోయె.

నా కడుపుమంట అసలు ఈ బిల్లుతో మొదలవలేదు లెండి. మా ఊళ్లో చేలమీద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, వరి పొట్ట మీదుంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "బండి లేదు, మనుషుల్లేరు" అనే. చివరికి రైతులే చందాలేసుకుని, మా నాన్న ట్రాక్టర్ మీదికెక్కించి రిపేరు షెడ్డుకి తోలుకెళ్లి, అక్కడ చేతులు తడిపి, మళ్లీ తెచ్చి దిమ్మె మీద పెట్టించుకున్నారు. డీజిల్ మాది, కూలీ మాది, లంచం మాది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కంపెనీది. ఏటా కమిషన్‌కిచ్చే లెక్కల్లో నిర్వహణ, మరమ్మతులని ఒక పద్దు ఉంటుంది, ఆ ఖర్చు కూడా మన టారిఫ్‌లోనే కలుపుతారు. మా నాన్న ట్రాక్టర్ కిరాయికి ట్రూ అప్ ఎప్పుడిస్తారో ఆ కుర్చీలో ఆయన్ని ఎవరైనా అడిగి చెప్పండి. నేను అడిగితే మళ్లీ సర్వీసు నంబరు అడుగుతాడు.