డార్క్ చాక్లెట్ మందు కాదు మామా

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే నడిచే మా వాకర్స్ గ్రూపులో రెండు నెలలుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా మామ ఒక్కడే నాలుగుసార్లు పంపాడు. అందులో ఉన్నది ఇది: రోజూ డార్క్ చాక్లెట్ తినండి, గుండెపోటు రాదు, బీపీ దిగుతుంది, బరువు తగ్గుతారు, రక్తం పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లు కూడా భయం లేకుండా తినొచ్చు, విదేశాల్లో ఎప్పుడో నిరూపించారు, మన డాక్టర్లు మాత్రం చెప్పరు.

వచ్చిన ప్రతి ఫార్వర్డుకూ జవాబు రాస్తూ కూర్చుంటే ఇంకే పనీ జరగదు. దీనికి రాయడానికి కారణం మామ ఇంట్లో ఫ్రిజ్. ఆయనకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. మొన్న మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిస్తే, డోర్ అరలో ఇన్సులిన్ పెన్ను పక్కనే సగం తిన్న చాక్లెట్ బార్ కనిపించింది.

"ఏంది మామా ఇది?"

"మెసేజ్ చూళ్లేదా అబ్బయ్యా? రోజూ తింటా ఉండా."

బార్ తిప్పి వెనకవైపు చదివాను. ముందు బంగారు రంగులో డార్క్ అని పెద్దగా ఉంది. వెనక పదార్థాల వరసలో మొదటి పేరు చక్కెర. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందుగా రాయాలి. ఆ బార్‌లో ఏ ఒక్క పదార్థమూ చక్కెర కన్నా ఎక్కువ లేదన్నమాట. 100 గ్రాములకు చక్కెర 46 గ్రాములు. బార్ 80 గ్రాములు, లెక్కేస్తే ఏడు చెంచాలు దాటుతుంది. కాఫీలో చక్కెర మానేసి పదకొండేళ్లయిన మనిషి, రెండు రోజులకో బార్ లాగిస్తున్నాడు.

ముందు గుండె, బీపీ సంగతి చూద్దాం. ఇందులో కొంత నిజం ఉంది. మెసేజ్ అంతగా నమ్మించడానికి కారణం అదే.

పనామా దేశపు దీవుల్లో కూనా అనే తెగవాళ్లున్నారు. వయసు పెరిగినా వాళ్లకు బీపీ పెద్దగా పెరగదని, వాళ్లు రోజూ చాక్లెట్‌కు మూలమైన కోకోను చాలా కప్పులు తాగుతారని 1990ల్లో హార్వర్డ్ డాక్టర్ నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం రాసింది. నగరానికి వలస వెళ్లిన కూనాల్లో మాత్రం బీపీ కనిపించింది. అయితే ఊరు మారితే మారేది కోకో ఒక్కటేనా? కావలి పక్కన పల్లె వదిలి హైదరాబాద్ వెళ్లాక మా బావమరిదికీ బీపీ వచ్చింది. పల్లెలో ఉన్నన్నాళ్లూ వాడు కోకో మొహమే చూడలేదు.

ఆ తర్వాత కోకోలో ఫ్లావనాల్స్ అనే చేదు పదార్థాల మీద దృష్టి పడింది. ఇవి రక్తనాళాలు కాస్త సాగేట్టు చేస్తాయి. పరీక్షలన్నీ కలిపి చూస్తే పై బీపీ సగటున 2 పాయింట్ల లోపు తగ్గింది. 150 ఉన్నవాడు 148కి వస్తాడన్నమాట. ఆవకాయ ముక్క ఒకటి తగ్గించుకోమంటే మామ ఒప్పుకోడు గానీ, ఈ రెండు పాయింట్ల కోసం చాక్లెట్ కొంటాడు.

గుండెపోటు మీద అన్నిటికన్నా పెద్ద పరీక్ష అమెరికాలో జరిగిన కాస్మోస్. ఫలితాలు 2022లో వచ్చాయి. 21 వేలమందికి పైగా పెద్ద వయసువాళ్లను తీసుకుని, సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు మూడున్నరేళ్లు ఇచ్చారు. ఇచ్చినవి క్యాప్సూళ్లు, చాక్లెట్ కాదు. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూసిన అసలు లెక్కలో నమ్మదగినంత తేడా తేలలేదు. గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు మాత్రం కోకో వైపు 27 శాతం తక్కువ. అది పక్క లెక్క, మళ్లీ పరీక్షించి చూడాల్సిన మాట. ఖర్చులో కొంత పెట్టుకున్నది చాక్లెట్లు అమ్మే మార్స్ కంపెనీ. డబ్బులిచ్చినంత మాత్రాన ఫలితం తప్పని అనను, కానీ మెసేజ్‌లో ఆ ముక్క కూడా ఉండాల్సింది.

ఇంకో తిరకాసు ఉంది. ఫ్లావనాల్స్ చేదుగా ఉంటాయి. గింజను పులియబెట్టినప్పుడు, వేయించినప్పుడు కొంత పోతాయి. ఇంకా చేదు తగ్గాలని కోకోకు క్షారం పట్టిస్తే చాలావరకు పోతాయి. క్షారం పట్టిస్తే రంగు మాత్రం ముదురుతుంది. కాబట్టి నల్లగా ఉంటే మంచిదన్న మామ లెక్క ఒక్కోసారి సరిగ్గా తిరగబడుతుంది.

పైగా మన నెల్లూరు ఎండ ఒకటి. అసలు చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న, దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది. రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు మీద బడ్డీకొట్టు సీసాలో బిర్రుగా నిలబడిన చాక్లెట్‌ను చూస్తే అనుమానించాల్సిందే. అందులో కోకో వెన్న బదులు వేరే నూనెల కొవ్వు ఉండే అవకాశం ఎక్కువ. (ఫ్రిజ్‌లో పెట్టిన బార్ మీద తెల్లగా పొడి తేలితే బూజని మా అత్త పారేసింది. చాలాసార్లు అది బూజు కాదు, కరిగి మళ్లీ గడ్డకట్టిన కొవ్వు. ఆ రోజు మాత్రం పారేయడమే మంచిదైంది.)

బరువు తగ్గడం. ఈ కథ తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2015లో జర్మనీలో ఒక పరీక్ష ఫలితం అచ్చయింది. పిండి పదార్థాలు తగ్గించి, రోజుకు 42 గ్రాముల డార్క్ చాక్లెట్ తిన్నవాళ్లు త్వరగా బరువు తగ్గారని దాని సారం. బిల్డ్ పత్రిక మొదటి పేజీకి ఎక్కించింది, ప్రపంచమంతా పాకింది. కొన్ని వారాలకే జాన్ బొహానన్ అనే విలేఖరి, అది కావాలని పన్నిన వల అని తనే బయటపెట్టాడు. జర్మన్ డాక్యుమెంటరీ వాళ్లతో కలిసి చేశాడు. పరీక్ష చేసినట్టు ఆయన చూపించిన సంస్థ ఒక వెబ్‌సైట్ మాత్రమే. పరీక్షకు చివరిదాకా నిలిచింది 15 మంది. డబ్బు కడితే అచ్చేసే పత్రికకు 600 యూరోలు కట్టారు.

అబద్ధం అంకెల్లో లేదు, పద్ధతిలో ఉంది. ఆ కొద్దిమందిలో బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా 18 రకాలు కొలిచారు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా బాగున్నట్టు తేలుతుంది. పులికాట్‌లో 18 సార్లు వలేసి, ఒక్కసారి చేప పడితే ఆ ఫొటో ఒక్కటే గ్రూపులో పెట్టినట్టు. ఇది బయటపడి పదేళ్లు దాటింది, అయినా ఆ వాక్యం మన వాట్సాప్‌లో బతికే ఉంది. ఇక లెక్క చూస్తే కోకో 70 శాతం దాటిన డార్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో దాదాపు 600 కేలరీలు, అందులో 40 గ్రాములకు పైగా కొవ్వు. దాంతో బరువు తగ్గడం ఎట్టాగో మామే చెప్పాలి.

రక్తం పడుతుందన్న మాటకు ఎక్కువ రాయక్కర్లేదు. ఇనుము ఉంది, 100 గ్రాములకు దాదాపు 12 మిల్లీగ్రాములు. 10 గ్రాముల చిన్న ముక్కలో 1 మిల్లీగ్రాము చిల్లర. టీలో లాగే కోకోలోని పదార్థాలు ఆ ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి కూడా. మా చిన్నమ్మ కూతురికి ఐదో నెల. ఈ మెసేజ్ చూసి ఐరన్ మాత్ర మానేస్తానంది. గట్టిగా చెప్పి మళ్లీ వేయించాం.

ఇప్పుడు షుగర్. డార్క్ చాక్లెట్ తిన్నాక షుగర్ గబుక్కున పైకి లేవదన్నది నిజం. కొవ్వు అడ్డుపడి, చక్కెర నిదానంగా రక్తంలో కలుస్తుంది. నిదానంగా కలిసినా కలిసేది చక్కెరే కదా. ఆ నిదానమే ఒకరోజు మా పీకల మీదకు తెచ్చింది. మామ ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ చేయకుండా స్టేడియానికి వచ్చాడు. మూడో రౌండులో ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. లో షుగర్. జేబులోంచి చాక్లెట్ తీసి నోట్లో వేసుకున్నాడు, "ఇప్పుడు సర్దుకుంటుందిలే" అన్నాడు. పది నిమిషాలైనా సర్దుకోలేదు. పక్కనున్నాయన టీకొట్టుకు పరిగెత్తి, గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తెచ్చాడు. అది తాగాక మనిషి మాటల్లో పడ్డాడు. లో షుగర్‌కు కావాల్సింది 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్లు. పావుగంట ఆగి మళ్లీ టెస్ట్ చేసుకోవాలి. షుగర్ పెరగకూడనప్పుడు పెంచేదీ, పెరగాల్సినప్పుడు ఆలస్యం చేసేదీ ఒకటే వస్తువు, అది మామ జేబులోదే.

షుగర్ ఫ్రీ అని రాసినవి కూడా కొన్నాడు. వాటిలో చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వేస్తారు. వాటికీ కేలరీలున్నాయి, చక్కెరకు సగం. ఎక్కువ తింటే కడుపు ఊరుకోదు. మామ రెండు రోజులు వాకింగ్‌కు ఎందుకు రాలేదో గ్రూపులో చెప్పొద్దన్నాడు, కాబట్టి చెప్పను.

చివరిది, డాక్టర్లు చెప్పరు అన్నది. ఇందులో దాచిందేమీ లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లోనే, రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగుడుకు తోడ్పడతాయని ఒప్పుకుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2023 ఫిబ్రవరిలో ఇంకో అడుగు వేసింది. ఫ్లావనాల్స్ ఎక్కువున్న కోకో పొడి డబ్బా మీద గుండె గురించి రాసుకోవచ్చంది, కానీ ఆధారాలు చాలా తక్కువ అని కూడా అక్కడే రాయాలంది. మామూలు చాక్లెట్‌కు ఇది వర్తించదని తేల్చి చెప్పింది. నెల్లూరు పొగతోట వీధుల్లో మామను చూసే డాక్టర్ గారిని నేనే అడిగాను. "తినాలనిపిస్తే చిన్న ముక్క తినమనండి, ఆ రోజు ఇంకో స్వీటు మానమనండి" అన్నారు. అంతే దాపరికం.

నేనూ చాక్లెట్ తింటాను. ఒంగోలు నుంచి ఎవరైనా అల్లూరయ్య మైసూర్‌పాక్ తెస్తే అదీ తింటాను, మలై కాజా అయితే చెప్పక్కర్లేదు. కాజా తిని బీపీ మాత్ర మానేసినవాణ్ని మాత్రం ఇంతవరకు చూడలేదు. మామకు ఒక బార్ నేనే కొనిచ్చాను. పదార్థాల్లో మొదటి పేరు కోకో, 85 శాతం. అన్నం తిన్నాక ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టాడు. "ఇది కాకరకాయ లాగుందే" అని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టేశాడు. మూడు వారాలైంది, ఇంకా అక్కడే ఉంది.