డాక్టరేట్ దారిలో లెక్కకు రాని గంటలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలా విభాగాలు పీహెచ్‌డీ దరఖాస్తుల గడువును డిసెంబరులోనో, ఆ దరిదాపుల్లోనో ముగిస్తాయి. అంటే నాలుగేళ్ల బ్యాచిలర్స్ చదువులో చివరి ఏడాది సగానికి వచ్చేసరికే విద్యార్థి చేతిలో మార్కులతో పాటు, సాధారణంగా మూడు సిఫారసు లేఖలు సిద్ధంగా ఉండాలి. ఈ లేఖలు రెండు రకాలు. నా తరగతిలో మంచి గ్రేడు తెచ్చుకుంది, చురుకైన పిల్ల అని రాసేది మొదటి రకం. మూడో వారంలో ప్రయోగం చెడినప్పుడు ఆమె లోపాన్ని ఎలా వెతికింది, వచ్చిన ఫలితాన్ని తానే ఎందుకు అనుమానించింది, చివరికి అడగాల్సిన ప్రశ్ననే ఎలా మార్చుకుంది అని రాసేది రెండో రకం. ప్రవేశాల కమిటీకి పనికొచ్చేది ఈ రెండో లేఖే. అది రాయాలంటే ప్రొఫెసర్ ఆ విద్యార్థితో కనీసం ఒక వేసవి కాలమైనా కలిసి పని చేసి ఉండాలి. ఆ వేసవి మూడో ఏడాదికీ నాలుగో ఏడాదికీ మధ్యదే అయితే, ఆ అవకాశం కోసం ప్రయత్నం రెండో ఏడాదిలోనో, మూడో ఏడాది మొదట్లోనో మొదలు కావాలి.

తల్లిదండ్రుల్లో ఎవరూ బ్యాచిలర్స్ డిగ్రీ చదవని ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి ఈ లెక్క తెలిసేసరికి తరచూ ఆలస్యమవుతుంది. శాస్త్ర విభాగాల్లో పీహెచ్‌డీ విద్యార్థి సాధారణంగా ఫీజు కట్టనక్కర లేదని, బోధనలోనో పరిశోధనలోనో సహాయకుడిగా ఉన్నందుకు విశ్వవిద్యాలయమే స్టైపెండ్ ఇస్తుందని ఆ ఇంట్లో చెప్పేవారు ఉండరు. బ్యాచిలర్స్ కోసం చేసిన అప్పే భయపెడుతున్నప్పుడు, ఇంకో ఐదారేళ్ల చదువు అనగానే వాళ్ల చెవికి ఇంకో ఐదారేళ్ల అప్పు అని వినిపిస్తుంది. మాస్టర్స్ లేకుండానే నేరుగా పీహెచ్‌డీలో చేరే వీలు చాలాచోట్ల ఉందని, దరఖాస్తు రుసుము మాఫీ చేయమని అడగవచ్చని, పరిచయం లేని ప్రొఫెసర్‌కు ముందుగా మెయిల్ రాయడం అతిచొరవ అనిపించుకోదని కూడా అంతే. వీటిలో ఏదీ రహస్యం కాదు, కానీ ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. ప్రొఫెసర్ల పిల్లలు వీటిని నేర్చుకున్నామన్న స్పృహ కూడా లేకుండానే నేర్చుకుంటారు.

ఈ లోటును ఉద్దేశించి అమెరికా సమాఖ్య ప్రభుత్వం నడుపుతున్న ప్రధాన పథకం మెక్‌నేర్ కార్యక్రమం. 1986 జనవరి 28న చాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి రోనాల్డ్ మెక్‌నేర్ పేరు దానికి పెట్టారు. దక్షిణ కరొలైనాలోని లేక్ సిటీలో, జాతి వివక్ష చట్టబద్ధంగా సాగుతున్న రోజుల్లో పుట్టిన నల్లజాతీయుడాయన. నార్త్ కరొలైనా ఏ అండ్ టీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, 1976లో ఎంఐటీ నుంచి పీహెచ్‌డీ పొందారు. పథకం నిబంధన స్పష్టంగా ఉంటుంది. ఎంపికైన వారిలో కనీసం మూడింట రెండు వంతుల మంది తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చిన తొలితరం విద్యార్థులై ఉండాలి. మిగతా వారు పైచదువుల్లో తగిన ప్రాతినిధ్యం లేని వర్గాలకు చెందినవారు కావచ్చు. ప్రొఫెసర్ పర్యవేక్షణలో పరిశోధన, దరఖాస్తుల తయారీలో సాయం, సదస్సుల్లో పత్రం చదివే అవకాశం ఇందులో ఉంటాయి.

అసలు పనంతా పర్యవేక్షణ అన్న మాటలోనే ఉంది. ప్రయోగశాల పరికరాన్ని వాడటం రెండు వారాల్లో వస్తుంది. నాలుగు నెలలు శ్రమించి తెచ్చిన ఫలితం పనికిరాదని తేలిన రోజు ఏం చేయాలో మాత్రం పుస్తకం చదివితే రాదు. పక్కనున్న అనుభవజ్ఞుడు అదే పరిస్థితిలో విసుక్కుని, కాఫీ తాగి, మళ్లీ నోట్‌బుక్ తెరవడం చూస్తేనే వస్తుంది. మంచి గ్రేడ్లతో పెరిగిన విద్యార్థి వైఫల్యాన్ని తన అసమర్థతకు రుజువుగా తీసుకుంటాడు. అందులోనూ తానిక్కడికి పొరపాటున వచ్చానేమోనన్న అనుమానం ముందే ఉన్నవాడైతే మరీను. పరిశోధనలో వైఫల్యమే దినచర్య అని ఆ అనుమానం ముదరకముందే చూపించడం మార్గదర్శి చేసే పనుల్లోకెల్లా విలువైనదని నా అభిప్రాయం. నెలకోసారి గదికి పిలిచి ఎలా ఉన్నావని అడిగే మార్గదర్శనానికి ఇందులో చోటు లేదు. దురదృష్టవశాత్తు నివేదికల్లో ఆ రెండూ ఒకే గడిలో నమోదవుతాయి.

ఇక్కడే డబ్బు ప్రశ్న వస్తుంది. పరిశోధన చేసే మెక్‌నేర్ విద్యార్థికి ఇవ్వగల స్టైపెండ్‌కు చట్టం పెట్టిన పరిమితి ఏడాదికి 2,800 డాలర్లు. వేసవి ఫీజు, వసతి, ప్రయాణ ఖర్చులు వేరుగా ఇవ్వవచ్చు. సమాఖ్య కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. ఆ లెక్కన 2,800 డాలర్లంటే 386 గంటల కూలి, అంటే వారానికి నలభై గంటల చొప్పున పది వారాలు కూడా నిండని పని. చాలా రాష్ట్రాల్లో కనీస వేతనం ఇంతకంటే ఎక్కువ గనుక అక్కడ ఈ మొత్తం ఇంకా తక్కువ గంటలకే సరిపోతుంది. వేసవి గడిచాక మిగిలిన తొమ్మిది నెలల్లో ప్రయోగశాలలో గడిపే సాయంత్రాలకు ఈ పద్దులో ఏమీ మిగలదు. ఆ సాయంత్రాలు దుకాణంలో పని చేసి ఇంటికి డబ్బు పంపాల్సిన విద్యార్థి ప్రయోగశాలను వదులుకుంటాడు. దాన్ని బయటివారు ఆసక్తి లేకపోవడం అంటారు. ఇంతకంటే అన్యాయమైనది జీతం లేని స్వచ్ఛంద సహాయకుల పద్ధతి. ప్రయోగశాల తలుపు అందరికీ తెరిచే ఉందంటూ, ఖాళీ సమయాన్ని కొనుక్కోగలిగిన వారిని మాత్రమే అది లోపలికి రానిస్తుంది.

సమయం కొరత ప్రొఫెసర్ వైపూ ఉంది. అనుభవం లేని విద్యార్థి తొలి నెలల్లో పనిని వేగవంతం చేయకపోగా నెమ్మదింపజేస్తాడు. శాశ్వత నియామకం కోసం ఎదురుచూసే యువ అధ్యాపకురాలిని పరిశోధన విశ్వవిద్యాలయాలు ప్రధానంగా ప్రచురణలను, తెచ్చిన నిధులను బట్టి తూస్తాయి. ఓ విద్యార్థి చేత సదస్సులో ఫలితాలను చూపే మొదటి పోస్టర్ వేయించడానికి ఆమె వెచ్చించిన గంటలకు ఆ తూకంలో బరువు నామమాత్రం. పైగా ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న వర్గాల నుంచి వచ్చిన అధ్యాపకుల చుట్టూనే అలాంటి విద్యార్థులు ఎక్కువగా చేరతారు కాబట్టి, సంఖ్యలో తక్కువైన వారి మీదే ఈ భారం ఎక్కువగా పడుతుంది.

భారం ఒక్క వ్యక్తి మీద పడకుండా సంస్థే మోసిన ఉదాహరణ మేరీలాండ్‌లోని బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయంలో ఉంది. 1989లో 19 మంది నల్లజాతి యువకులతో మొదలైన మెయర్‌హాఫ్ కార్యక్రమం విద్యార్థులను ఒక జట్టుగా, తరగతులు ప్రారంభం కాకముందు వేసవిలోనే తీసుకుని, పరిశోధనలోకి తొందరగా దింపుతుంది. ఆ అవకాశం వచ్చినా కాదనుకుని వేరేచోట చేరిన విద్యార్థులతో పోలిస్తే, తమవారు శాస్త్ర సాంకేతిక రంగాల్లో పీహెచ్‌డీ దారి పట్టే అవకాశం సుమారు ఐదు రెట్లని విశ్వవిద్యాలయం చెబుతుంది. పరిశోధనలో చేరేవారు ముందే పట్టుదల గలవారు కదా అన్న సహజమైన అభ్యంతరానికి ఈ పోలిక కొంతవరకే జవాబిస్తుంది. వద్దనుకున్నవారు కూడా ఎంపికైనవారే గనుక ప్రతిభలో తేడా చాలావరకు తొలగుతుంది. ఎందుకు వద్దనుకున్నారన్న తేడా మిగిలే ఉంటుంది.

మెయర్‌హాఫ్ 1996లోనే అన్ని జాతులవారికీ ప్రవేశం కల్పించింది. జాతిని ప్రవేశాల్లో పరిగణించరాదని సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తీర్పిచ్చాక, మెక్‌నేర్ నిబంధనల్లోని ‘తగిన ప్రాతినిధ్యం లేని వర్గాలు’ అన్న ప్రాతిపదిక మీద కూడా 2024లో నార్త్ డకోటాలోని సమాఖ్య కోర్టులో దావా పడింది. మెక్‌నేర్ అంతర్భాగంగా ఉన్న, వెనుకబడిన నేపథ్యాల విద్యార్థుల కోసం సమాఖ్య ప్రభుత్వం నడిపే ట్రయో కార్యక్రమాలన్నింటికీ నిధులు ఆపేయాలని 2026 ఆర్థిక సంవత్సరపు అధ్యక్ష బడ్జెట్ ప్రతిపాదించింది. ఎవరు అర్హులన్నది ముఖ్యమైన వాదనే, దాని మీద నా మాట ఒక్కటే. ఆదాయం, తొలితరం చదువు అన్న రెండు కొలమానాలూ అవసరమైనవే అయినా అవి జాతి వివక్షను లెక్కలోకి తీసుకోవడానికి ప్రత్యామ్నాయం కావు. మెక్‌నేర్‌కు చిన్నప్పుడు లేక్ సిటీ గ్రంథాలయంలో పుస్తకం నిరాకరించింది తండ్రి ఆదాయం చూసి కాదు.

అయితే ఆ వాదన హోరులో కొలత గురించిన ప్రశ్న మరుగున పడింది. మెక్‌నేర్ లక్ష్యాల్లో ఒకటి బ్యాచిలర్స్ పూర్తయిన పదేళ్లలోగా డాక్టరేట్. విశ్వవిద్యాలయానికి ఇచ్చే గ్రాంటు కాలం మాత్రం ఐదేళ్లు. ఆ వ్యవధిలో చూపగలిగే ఫలితం డిగ్రీ కాగానే పైచదువులో చేరడమే, అందుకే డిగ్రీ తర్వాత వచ్చే తొలి శరదృతువు నాటికి ఎందరు చేరారన్నది నిబంధనల్లో ఒక ప్రధాన కొలమానమైంది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా జీతం తీసుకుని, ఇంటి అప్పు కొంత తీర్చి, పేరుమీద ఒక ప్రచురణ సంపాదించుకుని, అప్పుడు మరింత మంచి విభాగంలో సీటు తెచ్చుకున్న అమ్మాయి ఆ కొలమానం దగ్గర వైఫల్యంగానే నమోదవుతుంది. కొన్నాళ్లు ఆగమని ఆమెకు సలహా ఇవ్వడమే సరైన మార్గదర్శనం అయినప్పుడు, ఆ సలహా ఇచ్చిన సమన్వయకర్త తన గ్రాంటు పునరుద్ధరణకు తానే గండి కొట్టుకున్నట్టవుతుంది.